ఆస్పత్రి గడప దాటాక

1973లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చేపలవేటకు వెళ్ళి, పికప్ ట్రక్కు వెనక కూర్చుని తిరిగి వస్తున్న పదిహేనేళ్ళ రిక్ హాన్సెన్ ప్రమాదానికి గురయ్యాడు. వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. పన్నెండేళ్ళ తరువాత, 1985 మార్చి 21న చక్రాల కుర్చీలో వాంకూవర్ నుంచి బయలుదేరి, 34 దేశాల్లో 40 వేల కిలోమీటర్లకు పైగా చేతులతో తోసుకుంటూ తిరిగి, 26 నెలలకు మళ్ళీ వాంకూవర్ చేరాడు. 2 కోట్ల 60 లక్షల కెనడా డాలర్లు పోగయ్యాయి. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా అతని పట్టుదలను మెచ్చుకుని ఆగిపోతారు. నాకు మాత్రం ఆ డబ్బు చేరిన చోటే ముఖ్యంగా తోస్తుంది. అందులోంచి అతను తన వైద్యం చేయించుకోలేదు. అది వెన్నుపాము పరిశోధనకు, పునరావాసానికి, చక్రాల కుర్చీ క్రీడలకు వెళ్ళింది.

మన దగ్గర ప్రమాదం జరిగిన వారంలోనే వాట్సాప్‌లో ఫొటో, ఫోన్‌పే నంబరు తిరుగుతాయి. జనం ఉదారంగానే ఇస్తారు. ఆపరేషన్ బిల్లు కట్టగానే ఆ ధార ఆగిపోతుంది. రోడ్డు ప్రమాద బాధితులకు 2025లో కేంద్రం తెచ్చిన నగదు రహిత వైద్య పథకం కూడా లక్షన్నర రూపాయల దాకా, ఏడు రోజుల వరకే. వెన్ను విరిగినవాడికి అసలు ఖర్చు ఎనిమిదో రోజు నుంచి మొదలవుతుంది: పుండ్లు పడకుండా రాత్రింబవళ్ళు ఒత్తిగిలించే మనిషి, మూత్రపు గొట్టాలు, ఏళ్ళ తరబడి ఫిజియోథెరపీ, గుమ్మం ముందు ర్యాంపు. ఇవన్నీ ఆ మంచం మీద గడిపినవాళ్ళకే తెలుస్తాయి. అందుకే గాయపడినవారు విరాళాలు అడగడానికి పూనుకోవడం మంచిదంటాను. 1975లో నౌకాదళ ఎంపిక పరీక్షలో పడి మెడ కింద చచ్చుబడిన ఎస్. రామకృష్ణన్, 1981లో తమిళనాడులోని ఆయికుడిలో అమర్ సేవా సంగం స్థాపించారు. వికలాంగులకు చదువు, చికిత్స, పని అందించే సంస్థ అది. పేరు మాత్రం తనకు వైద్యం చేసిన సైనిక వైద్యుడిది.

ఇలాంటి కథలమీద ఆస్ట్రేలియా రచయిత్రి స్టెల్లా యంగ్ 2014లో లేవనెత్తిన అభ్యంతరం తేలిగ్గా తీసేయదగ్గది కాదు. వికలాంగులను ఇతరులకు ఉత్సాహం నింపే బొమ్మలుగా చూపడం అవమానమని ఆమె వాదించింది. నిజమే, ప్రపంచం చుట్టిరాలేని లక్షలమంది బతుకులు ఒక్క సాహసగాడి నీడలో చిన్నబోతాయి. కనుక విరాళం అడిగేటప్పుడు సాహసాన్ని కాదు, అవసరాన్ని ముందుపెట్టాలి. ఇదంతా ప్రభుత్వం చేయాల్సిందన్న మాటా నిజమే. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆ బాధ్యతను స్పష్టంగానే మోపింది. కానీ అమలయ్యే దాకా ఒత్తిగిలించే మనిషి జీతం ఆగదు. పైగా ఆ హక్కుల కోసం గట్టిగా అడగగల గొంతులూ ఇలాంటి సంస్థల నుంచే వస్తాయి. ఒక్కటి మాత్రం గమనించాలి. ఆ పనికి పూనుకోవడానికి హాన్సెన్‌కు పన్నెండేళ్ళు పట్టింది, రామకృష్ణన్‌కు ఆరేళ్ళు. నిన్నగాక మొన్న గాయపడిన మనిషి చేతికి మైకు అందించే తొందర ఎవరికీ ఉండకూడదు.