స్టేజీ పక్కనుంచి: ఆంప్లిఫయర్ అమ్మేద్దామా?

ఈ వారం ఉత్తరాల కట్టలో ఓ విజయవాడ కుర్రాడి ఉత్తరం నన్ను పట్టి ఆపేసింది. నలుగురు స్నేహితులతో కలిసి ఆర్కెస్ట్రా నడుపుతున్నాడట. (ఇప్పుడు 'ఆర్కెస్ట్రా' అనకూడదనీ, 'కవర్ బ్యాండ్' అనాలనీ చివర్లో ఓ చురక కూడా అంటించాడు. సరే బాబూ, అలాగే!) పెళ్ళి రిసెప్షన్లు, కాలేజీ ఫెస్టులు, దసరా పందిళ్ళు... చేతినిండా ప్రోగ్రాములే. అతని దగ్గర వాల్వుల ఆంప్లిఫయర్ ఒకటుంది. మేనమామ కొనిపెట్టింది. దాన్ని అమ్మేసి, పైన కొంత అప్పు తెచ్చి, డిజిటల్ మోడలర్ కొందామని ఆలోచన. "క్వాడ్ కార్టెక్సా, కెంపరా, హెలిక్సా? ఒక్కమాటలో చెప్పండి సార్!" అంటున్నాడు.

ఒక్కమాటలో తేలే వ్యవహారమైతే నాకీ పేజీ ఎందుకిస్తారు? పైగా 'అప్పు' అన్న మాట చూశాక ఊరుకోబుద్ధి కాలేదు. గిటారు పట్టనివాళ్ళు కూడా చదవొచ్చు. మీరు ఈలలేసే పాట వెనకాల ఇంత తతంగం ఉంటుందని తెలుస్తుంది.

ఇంతకీ ఈ మోడలర్ అంటే ఏమిటి? మిమిక్రీ ఆర్టిస్టు! నేరెళ్ళ వేణుమాధవ్ గారు ఒక్క గొంతుతో ఎందరు తారల్ని పలికించేవారో మీ ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. ఈ డబ్బా కూడా అంతే. ఫెండర్, మార్షల్, వాక్స్... ఏ ఆంప్లిఫయర్ గొంతు కావాలంటే ఆ గొంతు. ఎర్రగా, చిక్కుడు గింజ ఆకారంలో 1998లో లైన్ 6 కంపెనీ 'పాడ్' అని ఒకటి తెచ్చింది. సరదా వస్తువే, కానీ మిమిక్రీ అని వెంటనే తెలిసిపోయేది. 2006లో ఫ్రాక్టల్ వాళ్ళ యాక్స్-ఎఫెక్స్ వచ్చాక పెద్దపెద్ద వాద్యకారులు కూడా చెవులు రిక్కించారు.

ఈ మిమిక్రీలో రెండు ఘరానాలున్నాయి. హెలిక్స్, ఫ్రాక్టల్ వాళ్ళది ఒక దారి: అసలు ఆంప్లిఫయర్ లోపల ఏ భాగం ఏం చేస్తుందో లెక్క కట్టి, ఆ లెక్కని చిప్పులోకి ఎక్కిస్తారు. 2011లో జర్మనీ నుంచి వచ్చిన కెంపర్ దారి వేరు. మీ ఆంప్లిఫయర్‌లోకి రకరకాల కూతలు పంపిస్తుంది, ఎదురుగా మైకు పెట్టి అది ఎలా పలికిందో వింటుంది, అచ్చు తీసి దాచుకుంటుంది. ఫిన్లాండ్ వాళ్ళ క్వాడ్ కార్టెక్స్ 2021లో వచ్చింది. అది రెండు పనులూ చేస్తుంది. ఏడంగుళాల తాకే తెర, కాలితో తొక్కే మీటల్నే చేత్తో తిప్పితే నాబులు... చూడ్డానికి హీరోయిన్‌లా ఉంటుంది, కాదనను!

మరి వీటిలో ఏది బాగా పలుకుతుంది? ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే తేడాలు తెలుస్తాయి. స్టేజీ ముందు, డ్రమ్సూ కీబోర్డూ హోరెత్తుతుండగా, మైక్‌సెట్టాయన పెట్టెల్లోంచి వినిపించేటప్పుడు? రెండు మూడు రకాలు అలా విన్నాను. కళ్ళు మూసుకుంటే ఏది ఏదో నేను చెప్పలేను. నాకే కాదు, ముందు వరసలో గంతులేసే కుర్రకారుకి అసలే పట్టదు. వాళ్ళకి కావలసింది పాట మొదటి రెండు బార్లలో గిటారు వినగానే "ఆఁ... ఇదే!" అనిపించడం. 'తమ్ముడు' (1999)లో రమణ గోగుల గిటారు కరకరలాడాలి. 80ల నాటి మెలొడీకి తీగ నీళ్ళలో మెరిసినట్టుండాలి. దానికి రోలండ్ వాళ్ళు 1975లో తెచ్చిన జాజ్ కోరస్ గొంతు చాలు. ఈ గొంతులు ఈనాటి మంచి మోడలర్లన్నింట్లోనూ దొరుకుతాయి.

అసలు పరీక్ష చెవికి కాదు, కాలికి. మన సినిమా పాట ఒక గొంతుతో ఊరుకోదు కదా! మొదటి ఇంటర్లూడ్‌లో శుభ్రమైన గిటారు, చరణంలో వెనకాల సన్నగా తాళం, రెండో ఇంటర్లూడ్‌లో ఒక్కసారిగా రాక్ సోలో. ఇవన్నీ మూడు నిమిషాల్లో మారాలి. ఒక్కో గొంతుకీ ఒక్కో ప్రీసెట్ పెట్టుకుని మారుస్తుంటే మధ్యలో చిటికెడు నిశ్శబ్దం పడుతుంది, సాగుతున్న ప్రతిధ్వని తెగిపోతుంది. అందుకే హెలిక్స్‌లో 'స్నాప్‌షాట్'లనీ, ఫ్రాక్టల్, క్వాడ్ కార్టెక్స్‌లలో 'సీన్'లనీ పెట్టారు. ఒక పాటకి ఒకే ప్రీసెట్, దాని లోపల ఎనిమిది సీన్లు. ఒక్క తొక్కుతో గొంతు మారుతుంది, పాట తెగదు. హెలిక్స్ పెద్ద పెట్టెలో ఇంకో సుఖం ఉంది. ప్రతి మీట పైనా చిన్న తెర మీద దాని పేరు వెలుగుతుంది. పొగ మిషన్ వదిలిన చీకట్లో అదే దేవుడు.

2018లో వచ్చిన హెచ్‌ఎక్స్ స్టాంప్ దాని చిట్టి తమ్ముడు. గిటారు సంచీ జేబులో పడుతుంది. మీటలు మాత్రం మూడే. 2020 నాటి ఫ్రాక్టల్ ఎఫ్ఎం3కీ మూడే. అదనంగా ఓ చిన్న స్విచ్చుల పెట్టె తగిలించుకోవాల్సిందే, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఇక మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినే చోటు. అర్ధరాత్రి ఇంట్లో అమ్మకి నిద్రాభంగం కాకుండా చిన్న శబ్దంతో గొంతులు తయారుచేసుకుంటారు. మన చెవికి చిన్న శబ్దంలో బేసూ ట్రెబులూ తక్కువగా వినిపిస్తాయి. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు ఈ సంగతి కొలిచి చూపించారు. అందుకని ఆ రెండూ దిట్టంగా పెంచేసుకుంటాం. తీరా హాల్లో వాల్యూము పెరిగేసరికి బేస్ బుంగలా మోగుతుంది, ట్రెబుల్ చెవి కోస్తుంది, గిటారు మటుకు ఎక్కడా వినపడదు! తప్పంతా డబ్బా మీదకి తోస్తారు. గిటారు స్పీకరు సహజంగానే 5 వేల హెర్ట్జ్ దాటాక నీరసపడిపోతుంది. కాబట్టి పైన 6 వేల నుంచి 8 వేల మధ్యలో ఎక్కడో కోసేయండి, కింద 100 దగ్గర కోసేయండి. మధ్య స్వరాలు పెంచండి, వాటిలోనే గిటారు బతుకుతుంది. ఒక్కసారైనా పెద్ద స్పీకరు మీద, పూర్తి శబ్దంతో సరిచూసుకోండి.

"డిజిటల్ కదా, మీటితే ఆలస్యంగా పలుకుతుందటగా?" అని చాలామంది అడుగుతారు. డబ్బాలో పట్టే ఆలస్యం సాధారణంగా రెండు మూడు మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు పోతుంది. అంటే ఆంప్లిఫయర్‌కి ఓ మీటరు వెనక్కి జరిగి నిలబడ్డట్టు. అంతే!

కరెంటు సంగతి వేరు. మొన్న ఓ దసరా పందిట్లో కరెంటు రెప్పపాటు పోయి జనరేటర్ అందుకుంది. లైట్లు వెంటనే వెలిగాయి, కీబోర్డు లేచింది. గిటారు డబ్బా మాత్రం కంప్యూటర్‌లా మొదట్నుంచీ మేలుకోవాలి. పాట సరిగ్గా సోలో దగ్గరుంది! ఆ సోలోని కీబోర్డు అబ్బాయి వాయించి పరువు దక్కించాడు. కంప్యూటర్‌కి పెట్టుకునే చిన్న యూపీఎస్ ఒకటి డబ్బాకి పెట్టుకుంటే ఈ అవస్థ ఉండదు. ఏ కంపెనీ ప్రకటనలోనూ ఈ ముక్క కనపడదు మరి.

ఇప్పుడు మన విజయవాడ తమ్ముడికి. క్వాడ్ కార్టెక్స్ గొప్పదే. కానీ దానికీ హెచ్‌ఎక్స్ స్టాంప్‌కీ ఉన్న ధర తేడాలో ఒక మంచి గిటారు వస్తుంది. కెంపర్ సొంతంగా నాలుగు మంచి ఆంప్లిఫయర్లుండి, వాటి అచ్చులు మోసుకెళ్దామనుకునేవాళ్ళకి. మీ పనికి స్టాంపు, పక్కన ఓ స్విచ్చుల పెట్టె, ఆ యూపీఎస్ చాలు. 2025లో లైన్ 6 వాళ్ళు హెలిక్స్ స్టేడియం ప్రకటించారు. కొత్తది వచ్చినప్పుడల్లా పాత పెట్టెలు చేతులు మారతాయి. సెకండ్ హ్యాండ్‌లో పెద్ద హెలిక్స్ దొరికితే ఇంకా మేలు. కొనేముందు మీటలన్నీ ఒకటికి రెండుసార్లు తొక్కి చూడు. అప్పు చెయ్యకు. నాలుగు రిసెప్షన్లు ఆగు. అప్పు ఇచ్చినవాడు సీజన్ లేని ఆషాఢంలో కూడా వాయిదా అడుగుతాడు.

మేనమామ ఆంప్లిఫయర్ మాత్రం అమ్మకు. స్టాంపు దాన్ని పూర్తిగా అచ్చు తీయలేదు గానీ, దాని స్పీకరు పెట్టె గొంతుని 'ఇంపల్స్ రెస్పాన్స్' అనే చిన్న ఫైలుగా తీసి స్టాంపులోకి ఎక్కించుకోవచ్చు. మైకూ, కంప్యూటరూ ఉన్న స్నేహితుడుంటే ఒక్క మధ్యాహ్నం పని. స్టేజీ మీద డబ్బా మోగినా, అందులో సగం గొంతు మావయ్య పెట్టెదే అవుతుంది. అన్నట్టు, ప్రోగ్రాం రోజు మైక్‌సెట్టాయనకి ముందే టీ ఇప్పించి, మీ లైను మోనోలో ఇవ్వండి. స్టీరియోలో ఇస్తే ఒక పక్క పెట్టెల ముందు కూర్చున్నవాళ్ళకి సగం గిటారే దక్కుతుంది.