ఊరుగాని ఊరిలో మనవారు

క్రొత్త నగరమును చూడబోయినవాడు మేడలను, కోటలను చూచి వచ్చును. ఒక్కొక్కప్పుడు ఎన్నడో దూరమైన బంధువును గూడ చూచి వచ్చును. హైదరాబాదులో సాలార్‌జంగు మ్యూజియము చూడబోయిన పల్నాటి పెద్ద, ప్రక్కనున్నవాని మాటతీరు విని “ఏ ఊరు నాయనా మనది?” అని అడుగును. ‘మీది’ అనక ‘మనది’ అనుటలోనే సగము చుట్టరికము కలదు. “మాచర్ల దగ్గర” అని జవాబు రాగానే “ఎవరివారు?” అను ప్రశ్న పుట్టును. పిదప తాతల పేర్లు వచ్చును. తుదకు “అయితే నాకు మనుమడివి అగుదువు” అను మాట వచ్చును. చూచువారు దీనిని దైవఘటన యందురు. కలయిక దైవికమే కావచ్చును. గుర్తింపు మాత్రము కాదు. ఊరు, ఇంటిపేరు, వరుస అను మూడింటిని మరువని జ్ఞాపకమే దానిని సాధించినది. అవి మరచినవారు ఒకే బల్లపై కూర్చుండియు పరాయివారుగనే లేచిపోవుదురు.

ఈ అలవాటు పల్నాటికి నిన్న మొన్నటిది కాదు. క్రీ.శ. 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో, అనగా నాగార్జునకొండ లోయలో, బోధిసిరి యను ఉపాసిక తన ధర్మకార్యములను గూర్చి శాసనము వేయించినది. ఆమె దానములను మాత్రమే చెప్పి ఊరకుండలేదు. గోవగామమను ఊరిపేరు చెప్పినది. భర్తను, అత్తింటివారిని, పుట్టింటివారిని ఎవరు ఏమగుదురో వరుసలతో పేర్కొన్నది. అందుచేతనే ఇన్ని శతాబ్దముల పిదప ఆ రాతిని చదువువానికి ఆమె అపరిచితురాలుగ తోచదు.

ఆ లోయకే 20వ శతాబ్దమున మరియొక కథ పట్టినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1954 మొదలు 1960 వరకు పురావస్తుశాఖవారు లోయను త్రవ్వి, ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని కొండపైనను, అనుపులోను తిరిగి నిలిపిరి. ద్వీపముగ మారిన ఆ కొండపై 1966లో మ్యూజియము వెలసినది. శిల్పములకు క్రొత్త చోటు దొరికినది. పుల్లారెడ్డిగూడెము వంటి ఊళ్లు నీట మునిగినవి. ఆ ఊళ్లవారు వేర్వేరు చోట్ల స్థిరపడిరి. నేడు లాంచీలో కొండ చూడబోవు యాత్రికులలో, ఆ నీటి అడుగున తాతగారి వాకిలి గలవాడు ఉండవచ్చును. దాయాది మనుమడు ప్రక్కనే కూర్చుండవచ్చును. మునిగిన ఊరి పేరు ఇద్దరిలో ఒకనికి తెలియకున్నచో, ఇద్దరును నీటిని చూచి తిరిగి వత్తురు. నేల మునిగిన తరువాత ఊరు నిలువగల చోటు మనుష్యుని జ్ఞాపకమే.

జలాశయమే కాదు, సముద్రమును ఇట్లే చుట్టరికములను త్రెంచినది. 19వ శతాబ్దమున చెరకు తోటల పనికై ఎందరో తెలుగువారు మారిషస్ చేరిరి. ఆనాటి వలసపత్రములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగ నున్నవి. వానిలో కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాయబడినవి. పూర్వుల దేశమును చూడవచ్చు వారి సంతతికి ఆ ఊరిపేరే దారి చూపు దీపము. దొరతనపు గుమాస్తా లెక్కకై వ్రాసినదే మునిమనుమనికి ఇంత ఉపకరించుచుండగా, ప్రేమతో మనము వ్రాసియుంచినది ఇంకెంత ఉపకరింపదు!

“ఏ ఊరు? ఎవరివారు?” అను ప్రశ్న కులమును తూచుటకు గూడ వాడబడుచున్నదను ఆక్షేపణ కలదు. అది నిజము. అద్దె ఇంటికై పోయిన యువకుడు ఆ ప్రశ్నకు జంకుట మనమెరిగినదే. దీనికి సమాధానము పల్నాటి వీరగాథలోనే యున్నది. నలగాముడు, మలిదేవుడు ఒక్క తండ్రి బిడ్డలు. వరుస తెలిసియు గురజాల, మాచర్ల కారెంపూడి రణభూమిలో తలపడినవి. లోకము అంటరానివాడని దూరముంచిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగ చేపట్టెను; అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెను. కనుక వరుస తెలియుట చాలదు. వరుస కలుపుకొను మనసు వలయును. కలుపుకొనుటకైనచో ఆ ప్రశ్న అడుగవలయును. వెలివేయుటకైనచో అడుగకుండుటయే మర్యాద.

నేటి పిల్లల సెల్‌ఫోనులలో వందల నంబర్లున్నవి. కాని బాబాయి, పెదనాన్న, మామయ్య అందరును ‘అంకుల్’ అను ఒక్క మాటలో కలిసిపోవుచున్నారు. నరసరావుపేట మొదలు మాచర్ల వరకు గల బడులలో ఉపాధ్యాయులు ఒక చిన్న పని చేయింపవచ్చును. మొగలు చక్రవర్తుల వంశక్రమము వల్లించు విద్యార్థిచేత, తన ఇంటి పెద్దలను అడిగించి, వారి పేర్లను, పుట్టిన ఊళ్లను ఒక నోటుపుస్తకమున వ్రాయింపవలయును. తాతల ఊళ్లతో ఆగరాదు. అమ్మమ్మ, నాయనమ్మల పుట్టిళ్లను గూడ వ్రాయింపవలయును. ఏ ఇంటనైనను ముందుగ మరపున పడునవి ఆ ఊళ్లే. బోధిసిరి ఆ రెండు ఇండ్లను వదలలేదు.