శస్త్రచికిత్స తర్వాత పాడికి దూరం కావాలా?

హైటెక్ సిటీ ఉద్యోగుల్లో బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్న కొందరు, పాలు పడటం లేదని పాడి ఆహారాన్నే మానేస్తున్నారు. ఇది సరికాదు. బైపాస్ పద్ధతిలో ఆహారం చిన్నప్రేగు మొదటి భాగాన్ని దాటిపోతుంది. లాక్టోజ్ జీర్ణమయ్యే వ్యవధి తగ్గి కడుపుబ్బరం, విరేచనాలు కలుగుతాయి. అయితే వీరికి రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు అవసరం.

పాలలో లాక్టోజ్ సుమారు 5 శాతం. తోడుపెడితే అందులో కొంత లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. పనీరు తయారీలో అధికభాగం విరుగుడు తేటతో పోతుంది. అందువల్ల వైద్య సలహాతో వెన్నతీసిన పాల పెరుగు, చక్కెర కలపని మజ్జిగ, పనీరు కొద్దికొద్దిగా తీసుకోవచ్చు.

పాల ప్యాకెట్లపై కొవ్వుతోపాటు లాక్టోజ్, మాంసకృత్తుల పరిమాణాలనూ ముద్రించాలి. పాల దిగుబడి పెంచడంతోనే విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత ముగియరాదు. ఈ అవగాహన వినియోగదారునికీ చేరాలి.