తనిఖీ లేని చట్టం పిల్లల్ని కాపాడలేదు

బ్రిటన్‌లో నూలు మిల్లుల పిల్లల కోసం తొలి చట్టం 1802లోనే వచ్చింది. మిల్లులకు అప్పగించిన పేదింటి అప్రెంటిస్‌లతో రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని అది చెప్పింది. 1819 చట్టం తొమ్మిదేళ్ల లోపు పిల్లలను పత్తి మిల్లుల్లో పెట్టుకోవడాన్నే నిషేధించింది. అయినా మిల్లుల్లో పెద్దగా ఏమీ మారలేదు. అమలు బాధ్యత స్థానిక మేజిస్ట్రేట్లది. వారిలో మిల్లు యజమానులు, వారి బంధుమిత్రులు ఉండేవారు. తప్పు చేసేవారే తీర్పరులైతే కూలిపిల్లల గోడు వినేదెవరు?

పిల్లలు లేకుండా మిల్లు నడవదని యజమానుల వాదన. తెగిన దారాన్ని పరుగున వెళ్లి అతికించడానికి చిన్న వేళ్లు కావాలి. నడుస్తున్న యంత్రం కిందకు దూరి దూది తుక్కు ఏరడానికి చిన్న ఒళ్లు కావాలి. అసలు లెక్క మాత్రం కూలిది. పెద్దలకిచ్చే దానిలో కొద్ది భాగంతోనే పిల్లలు దొరికేవారు. పెద్దల సంపాదన ఇల్లు గడపడానికి చాలక తల్లిదండ్రులే వారిని పంపేవారు.

మైకేల్ శాడ్లర్ నాయకత్వంలోని పార్లమెంటు కమిటీ 1832లో ఈ పిల్లల పనిపై వాంగ్మూలాలు సేకరించాక దేశం కదిలింది. 1833 చట్టం 9 నుంచి 13 ఏళ్ల లోపు వారికి వారానికి 48 గంటల పరిమితి పెట్టింది, చదువును తప్పనిసరి చేసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రభుత్వ జీతంతో నలుగురు ఇన్‌స్పెక్టర్లను నియమించింది. మిల్లులోకి అడుగుపెట్టే అధికారం యజమానికి లోబడని మనిషి చేతికొచ్చింది.

వేలాది మిల్లులకు నలుగురు చాలరు. ఇంగ్లండులో జనన నమోదు 1837లో గానీ మొదలు కాలేదు కాబట్టి, వైద్యుడు పిల్లవాడి ఒడ్డూపొడుగూ చూసి వయసు ధ్రువీకరించేవాడు. సంతకం రాక ఇంటూ గుర్తు పెట్టే పంతులు కూడా బడి హాజరు పత్రాలిచ్చేవాడు. ఇలాంటి లొసుగులను లియొనార్డ్ హార్నర్ వంటి ఇన్‌స్పెక్టర్లు నివేదికల్లో బయటపెట్టడం వల్లే తర్వాతి చట్టాలు బిగుసుకున్నాయి. 1880లో చదువు నిర్బంధం కావడంతో పిల్లల పగటివేళపై మిల్లు పట్టు ఇంకా సడలింది.

భారతదేశంలో 1881 ఫ్యాక్టరీ చట్టం ఏడేళ్ల పిల్లలతో రోజుకు తొమ్మిది గంటల పనికి అనుమతించింది. వంద మందికి తక్కువ కార్మికులున్న చోట్లకు అదీ వర్తించలేదు. బొంబాయి మిల్లుల పోటీకి బెదిరిన లాంకషైర్ యజమానులు ఆ చట్టం కోసం ఒత్తిడి చేశారు. వారి తొందరలో కరుణ కంటే వ్యాపారమే ఎక్కువ. 1891లో కనీస వయసు తొమ్మిదికి, పని ఏడు గంటలకు చేరాయి.

ఈ చరిత్ర నేటికీ పనికొస్తుంది. మన బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ పద్నాలుగేళ్ల లోపు వారిని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధిస్తూనే, బడివేళల తర్వాత కుటుంబ వృత్తిలో సాయానికి వీలిచ్చింది. ఇంట్లోకి, చేలోకి ఏ ఇన్‌స్పెక్టరు తొంగిచూస్తాడు? అందుకే రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నేతృత్వంలో ఎం.వి. ఫౌండేషన్ పట్టుకున్న సూత్రం విలువైనది: బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే. వయసు, పని గంటల గురించి వాదించక్కర్లేదు. హాజరుపట్టీని నిజాయితీగా రాసి, రాని బిడ్డ కోసం ఇంటికి వెళ్లే బాధ్యతను ఒకరికి అప్పగించాలి. ఆ పని ప్రభుత్వాలు చేయకపోతే, మన చట్టమూ 1819 నాటి చట్టంలాగే మిగులుతుంది.