డాబాపై సౌర ఫలకాల ఏర్పాటుకు పాటించవలసిన నియమాలపై తీర్మానం

విశాఖపట్నంలోని మా అపార్ట్‌మెంట్ ఫ్లాటు యజమానుల సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశం సంఘ అధ్యక్షుల అధ్యక్షతన జరిగింది. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దీపాల కోసం డాబాపై 10 కిలోవాట్ల సౌర విద్యుత్ ప్లాంటు పెట్టాలని కార్యదర్శి చేసిన ప్రతిపాదనపై సభ చర్చించి, కింది అంశాలను పరిగణనలోకి తీసుకున్నది.

అ) 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద నివాస సంఘాల ఉమ్మడి అవసరాలకు పెట్టుకునే ప్లాంటుకు కిలోవాటుకు రూ.18,000 చొప్పున కేంద్ర సాయం లభిస్తున్నది.

ఆ) డాబా అందరి ఉమ్మడి ఆస్తి. పై అంతస్తు వారికి దానిపై ప్రత్యేక హక్కు లేదు. శ్లాబు కారితే ముందుగా నష్టపోయేది మాత్రం వారే.

ఇ) ఫలకాలు, చట్రం కలిపి చదరపు మీటరుకు సుమారు 15 నుంచి 20 కిలోల బరువు పడుతుంది. మనుషులు తిరిగే డాబా చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల భారం మోసేలా కట్టాలని భారత ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెబుతున్నది. శ్లాబు పాడుకానంతవరకు బరువుతో పెద్ద చిక్కు లేదు.

ఈ) అసలు చిక్కు గాలితోనే. అదే ప్రమాణం మూడో భాగం విశాఖకు నిర్దేశించిన మౌలిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుపై స్థూలంగా 150 కిలోల ఒత్తిడి వస్తుంది. రెండున్నర చదరపు మీటర్ల ఫలకం బరువు సుమారు 30 కిలోలే. దాన్ని పైకి లేపే గాలి బలం 350 కిలోలు దాటవచ్చు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానును చూసిన ఈ ఊరికి ఇది కాగితం మీది లెక్క కాదు.

పై కారణాల వల్ల ఈ సభ ఏకగ్రీవంగా ఈ విధంగా తీర్మానించినది:

1. 10 కిలోవాట్ల ఉమ్మడి ప్లాంటు ప్రతిపాదనను కింది షరతులకు లోబడి ఆమోదించడమైనది.

2. అర్హత గల స్ట్రక్చరల్ ఇంజనీరు శ్లాబును, బీములను స్వయంగా పరీక్షించాలి. చట్రం, బోల్టులు, దిమ్మెలు పైన చెప్పిన గాలి వేగానికి ఆగుతాయని లెక్కలతో సహా ధ్రువపత్రం ఇవ్వాలి.

3. చట్రం కాళ్లు వీలైనంతవరకు బీములు, స్తంభాల మీదికే రావాలి. శ్లాబుకు రంధ్రం వేసిన ప్రతిచోటా గుత్తేదారే వాటర్ ప్రూఫింగ్ చేసి, 5 ఏళ్లపాటు కారదని రాతపూర్వక హామీ ఇవ్వాలి.

4. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా చట్రానికి వేడి జింకు పూత, బోల్టులకు స్టెయిన్‌లెస్ స్టీలు తప్పనిసరి.

5. అంచుల దగ్గర గాలి ఈడ్పు ఎక్కువ కాబట్టి పిట్టగోడకు మీటరు దూరం వదలాలి. మెట్ల తలుపు, నీళ్ల ట్యాంకులు, వాన నీటి తూములకు అడ్డు రాకూడదు.

6. డీసీ, ఏసీ, పిడుగు నిరోధకాలకు వేర్వేరు ఎర్తింగులు ఉండాలి. మెయిన్ ఆపినా పగటిపూట ఫలకాల నుంచి వచ్చే తీగల్లో కరెంటు ఉంటుంది. అందువల్ల డీసీ స్విచ్ ఎక్కడుందో డాబా మీదా, కింద మీటర్ల గదిలోనూ తెలుగులో రాసి పెట్టాలి.

7. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ లేని ఈ ప్లాంటు కూడా ఆగిపోతుందని, లిఫ్టుకు జనరేటరు ఎప్పటిలాగే అవసరమని సభ్యులందరికీ తెలియజేయాలి.

8. ఏటా తుపాన్ల కాలానికి ముందు, సెప్టెంబరులో, బోల్టులన్నీ బిగించి చూసి రిజిస్టరులో నమోదు చేయాలి. అందుకయ్యే ఖర్చు నిర్వహణ నిధి నుంచి భరించాలి.

9. సొంత ఫ్లాటుకు ఫలకాలు పెట్టుకోదలచిన సభ్యులకూ ఇవే నియమాలు వర్తిస్తాయి. ఎవరి వాటా స్థలం మేరకే వారికి అనుమతి.

10. రెండో అంశంలో చెప్పిన ధ్రువపత్రం సంఘానికి అందేదాకా గుత్తేదారుకు బయానా ఇవ్వరాదు. డాబాకు ఒక్క రంధ్రమైనా వేయనివ్వరాదు.

ప్రతిపాదించినవారు: కార్యదర్శి
బలపరచినవారు: కోశాధికారి
(సంతకం) అధ్యక్షులు