ఈ పురుగు పేరేమిటి?



పెరట్లో తెలియని పెద్ద పురుగు కనబడితే మన చేయి వెంటనే చెప్పు మీదికి పోతుంది. చంపి కోళ్ల ముందు వేసి మరచిపోతాము. ఈ నెల మీకు ఒక్క మాట చెప్పాలని ఉన్నది. పారవేయక ముందు దాని పేరు అడిగి తెలుసుకొనండి.

1996 ఆగస్టులో న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్‌లో ఒక గృహస్థుడు తన మేపుల్ చెట్లకు గుండ్రని రంధ్రాలు ఉండుట చూశాడు. ఎవరో ఆకతాయిలు చెట్లను తొలిచారనుకున్నాడు. తీరా చూస్తే అది ఒక పురుగు పని. నిగనిగలాడే నల్లని ఒళ్లు, వీపు మీద తెల్లని చుక్కలు, ఒంటికన్న పొడవైన మీసాలు. ఆ పురుగు కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చేరింది. అక్కడ దానిని గుర్తుపట్టారు. అది చైనా, కొరియా దేశాల పురుగు. సరకులు వచ్చే చెక్కపెట్టెలలో దాగి సముద్రము దాటింది.

పేరు తెలిసింది గనుక ఎక్కడ వెదకవలెనో తెలిసింది. దాని పిల్ల కాండము లోపల ఉండి చెట్టును తింటుంది. పురుగు పట్టిన చెట్లను వేలకొలది నరకవలసి వచ్చింది. బ్రూక్లిన్‌లో ఆ పురుగు ఇక లేదని ప్రకటించేసరికి 2019 వచ్చింది. అంటే 23 సంవత్సరాలు!

దూరదేశపు సంగతి మనకెందుకు అంటారేమో. దాని బంధువు మన మామిడి తోటలలోనే ఉన్నది. బూడిద రంగు, సుమారు రెండంగుళాల పొడవు, మెడ మీద రెండు నారింజ రంగు మచ్చలు, పొడవైన మీసాలు. ఇదే మామిడి కాండము తొలిచే పురుగు. దీనిని కొబ్బరి కొమ్ము పురుగని పొరబడవద్దు. కొమ్ము పురుగుకు తల మీద కొమ్ము ఉంటుంది, మీసాలు పొట్టివి. దాని పిల్లలు పెంటకుప్పలో పెరుగుతాయి. పేరు పొరబడితే మనము పెంటకుప్పను తిరగవేస్తూ ఉంటాము, అక్కడ మామిడిచెట్టు లోలోపల గుల్లయిపోతుంది.

కాండము మీది రంధ్రము నుండి రంపపు పొట్టు వంటిది రాలుతున్నదా? కొమ్మలు ఒక్కొక్కటే ఎండుతున్నవా? కొన వంచిన ఇనుప తీగతో లోపలి పురుగును లాగివేయండి. పెట్రోలులో తడిపిన దూదిని రంధ్రములో పెట్టి బంకమట్టితో మూయండి.

తెలియని పురుగు దొరికితే మీసాలు, కాళ్లు విరగకుండా సీసాలో వేయండి. ఏ చెట్టు మీద, ఏ తేదీన దొరికిందో కాగితము మీద వ్రాసి పెట్టండి. ఉద్యాన శాఖ అధికారికి చూపించండి. ఈ పని మీ పిల్లలకు అప్పగించండి, వారి కళ్లు మన కళ్లకన్న చురుకైనవి.

జీవులకు పేర్లు పెట్టే పని ఆదాముకు అప్పగించబడెనని మనమందరము ఆదివారపు బడిలో నేర్చుకున్నాము. తోటను కాచే పని కూడా అతనిదే. ఆ రెండు పనులు ఒక్కనికే ఎందుకు ఇవ్వబడ్డాయో ఈసారి మామిడిచెట్టు క్రింద నిలబడినప్పుడు ఆలోచించండి.