ఉస్తాద్ చేతిలో ఉన్నది కాగితం మీదికి రావాలి

రెంటచింతల ఎండ ఎలాంటిదో మన పల్నాడు వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. మొన్న మే నెలలో అమ్మీని తీసుకుని అక్కడ ఒక వలీమాకు వెళ్లి వస్తుంటే కారులో ఏసీ ఆగిపోయింది. నరసరావుపేట చేరేసరికి అమ్మీకి కళ్లు తిరిగాయి. మర్నాడు బండి చూపిస్తే కంప్రెసర్ మొత్తం మార్చాలి, పాతిక వేలవుతుంది అన్నారు.

మా ఖాలా కొడుకు ముప్పై ఏళ్లుగా మెకానిక్. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. బానెట్ ఎత్తి, కంప్రెసర్ ముందు వైపు పేరుకున్న నూనె జిడ్డును వేలితో తుడిచి చూపించాడు. "భాయిజాన్, కంప్రెసర్ బాగానే ఉంది. షాఫ్ట్ సీల్ పోయింది. ఇంట్లోనే చేసేద్దాం" అన్నాడు.

ముందు తన షెడ్డులో, మిగిలిన గ్యాస్‌ను మెషీన్‌తో సిలిండర్‌లోకి లాగాడు. గాలిలోకి వదిలేస్తే అయిదు నిమిషాల పని కదా అన్నాను. కోప్పడ్డాడు. ఆ ఆర్-134ఎ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. మీద చిమ్మితే చర్మం, కళ్లు గడ్డకడతాయి. "మన చల్లదనం కోసం పక్కవాడికి ఎండ పెంచడం గునాహ్ కాదా?" అన్నాడు.

ఆదివారం ఫజర్ తర్వాత మా వాకిట్లో పని మొదలైంది. బెల్టు తప్పించి, పైపుల మూతులు కట్టి, కంప్రెసర్ దించాడు. లోపలి నూనెను గ్లాసులోకి వంచి కొలిచాడు. ఆ కొలత చూసుకునే కొత్తది పోయాలట. గ్లాసును ఎండకు పట్టి చూశాడు. నూనెలో వెండి పొడి మెరిస్తే లోపల పిస్టన్లు అరిగినట్టే, అప్పుడు సీల్ మార్చినా పైసలు దండగ. మాది శుభ్రంగా ఉంది. క్లచ్ ప్లేటు, పుల్లీ తీసి పాత సీల్ లాగాడు. కొత్తదానికి నూనె రాసి ఎక్కించాడు. బేరింగు, ఓరింగులు మార్చాడు. క్లచ్ సందు సరిచూసే పలచటి వాషర్లను తీసిన వరుసలోనే పెట్టాడు. మళ్లీ షెడ్డుకెళ్లి కొత్త డ్రయర్ బిగించి, వాక్యూమ్ పెట్టి, అది నిలబడిందని చూశాకే గ్యాస్‌ను గ్రాముల లెక్కన ఎక్కించాడు. మొత్తం ఖర్చు నాలుగు వేలు దాటలేదు.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను. "ఉస్తాద్ చెంపదెబ్బల్లో" అని నవ్వాడు. ఆ ఉస్తాద్ ఇంతకాలే అయ్యారు. ఆయన రాసి పెట్టింది ఒక్క ముక్క కూడా లేదు. ఇతని కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. వాడిని షెడ్డు గడప తొక్కనివ్వడు. "నా మసి వాడికి అంటకూడదు భాయిజాన్."

ఇక్కడే నాకు బాధ. పిల్లల తాలీమ్ కోసం ఆరాటం సరైనదే. హునర్ అంటే షర్మ్ ఎందుకు? రిష్తా మాటల్లో "అబ్బాయి వాలిద్ బిజినెస్" అని చెప్పుకునే మన ఇళ్లు ఎన్ని లేవు?

దియార్‌బకర్‌లో అర్తుఖీ సుల్తానుల కొలువులో పనిచేసిన అల్-జజరీ 1206లో యంత్రాల మీద కితాబ్ పూర్తి చేశాడు. అందులో రెండు పిస్టన్ల నీటి పంపు ఉంది. ఒకటి పీలుస్తుంటే రెండోది నెడుతుంది. మా కంప్రెసర్ లోపల జరిగేదీ దాదాపు అదే, నీటికి బదులు గ్యాస్. ఆయన చేతులకూ మసి అంటింది. అయినా కలమ్ పట్టి కొలతలతో, బొమ్మలతో రాశాడు కాబట్టే ఆ యంత్రాలను మన కాలంలో మళ్లీ కట్టగలిగారు.

మన ఉస్తాదులకు హునర్ ఉంది, కలమ్ లేదు. మన చదువుకున్న పిల్లలకు కలమ్ ఉంది, పానా పట్టడం రాదు. ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో. సెలవు రోజున కొడుకు తండ్రి పక్కన కూర్చుని, ఆయన చెప్పింది తెలుగులో రాసుకుంటే పోయేదేముంది? ఇల్మ్ అమానత్. మనతోపాటు మట్టిలోకి తీసుకుపోవడానికి మనకు హఖ్ లేదు.

ఆ రాత్రి నేను పదకొండు పేజీలు రాశాను. బొమ్మలు మాత్రం నా వల్ల కాలేదు. వచ్చే ఆదివారం వాడిని షెడ్డుకు పంపమని తమ్ముణ్ని అడిగాను. ఇంకా ఔనని చెప్పలేదు. కానీ కాదని కూడా అనలేదు.